ఒకే రోజు, ఒకే విత్తనం. ఒక చేను పచ్చగా ఉంది, ఇంకో చేను పాలిపోయింది. సోయాకి యూరియా వేయాలా?

తాడికొండ_చేను
ఆగస్టు 16, ఉదయం

అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన తాడికొండ మండలం, నల్లరేగడి నేల. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండేళ్లుగా పొలం నేనే చూసుకుంటున్నాను. మా ఊళ్లో అందరిదీ పత్తి, మిర్చి, మినుము. సోయా వేసింది నేనొక్కదాన్నే కాబట్టి పక్క చేను వాళ్లని అడుగుదామన్నా లాభం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

మాకు రెండు చెక్కలున్నాయి. చెరువు కింద 2 ఎకరాలు, రోడ్డు పక్కన రెండున్నర. మధ్య దూరం అర కిలోమీటరు కూడా ఉండదు. పోయిన ఖరీఫ్‌లో చెరువు చేలో మొదటిసారి సోయా వేస్తే ఎకరానికి 8 క్వింటాళ్లు వచ్చాయి. ఆ ధైర్యంతో ఈసారి రెండిట్లోనూ వేశాను. జులై 2న, ఒకే రోజు. జేఎస్-335 రకం, ఎకరానికి 30 కిలోలు. ముందే తడి గోనెపట్టాలో వంద గింజలు చుట్టి చూసుకున్నాను, 82 మొలిచాయి. అడుగున్నర సాళ్లు, అదే ట్రాక్టరు, అదే గొర్రు. ఎకరానికి ఒక బస్తా డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) రెండిట్లోనూ వేశాను.

ఇవాళ్టికి 45 రోజులు. చెరువు చేలో సాళ్లు కలిసిపోయి నేల కనబడటం లేదు, పూత నిండుగా ఉంది. రోడ్డు చేలో మొక్క జానెడున్నర దగ్గరే ఆగిపోయింది. దూరం నుంచి చూస్తే ఎవరో నీళ్లు కలిపిన పచ్చరంగు పూసినట్టుంది. సాళ్ల మధ్య జాగా అంతా తుంగ ఆక్రమించింది.

తేడా ఎక్కడుందా అని ఆలోచిస్తే నాకు తోచేది ఒకటే, ఆ రెండు చేలూ పెరిగిన తీరు వేరు. చెరువు చేను ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉంది. ఒక ఏడు జొన్న, ఒక ఏడు మినుము, మధ్యలో కంది. గేదెల కొట్టం ఆ గట్టు మీదే ఉండేది, దిబ్బ ఎరువంతా అందులోకే పోయేది. చెరువు పూడిక తీసిన ఏడు 40 ట్రక్కుల మట్టి తోలించారు. వేసవిలో గొర్రెల మంద పెట్టించేవారు. రోడ్డు చేను మాత్రం నా చదువుకీ పెళ్లికీ అయిన అప్పుల వల్ల ఆరేళ్లు కౌలుకిచ్చాం. ఆరేళ్లూ మిర్చే. ఎకరానికి నాలుగైదు బస్తాల డీఏపీ, పైన కాంప్లెక్స్ ఎరువులు. కోతలైపోగానే మిర్చి కట్టె కుప్పేసి తగలబెట్టడం, పదును తగ్గకముందే రోటవేటర్ కొట్టడం. దిబ్బ ఎరువు ఒక్క ట్రక్కు కూడా పడలేదు.

ఎరువుల కొట్టు ఆయన ఎకరానికి బస్తా యూరియా చల్లెయ్యమంటున్నాడు. నాన్నేమో "పప్పుజాతి పైరుకి యూరియా ఏంటమ్మా, నత్రజని అదే తయారు చేసుకుంటుంది కదా" అంటున్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఏం చేయమంటారు?


బోధన్_రైతు
ఆగస్టు 16, రాత్రి

అమ్మా, మా తాతలది కూడా మీ గుంటూరు వైపే. నిజాంసాగర్ కాలువ వచ్చాక భూములు కొనుక్కుని ఇక్కడ స్థిరపడ్డారు. మా పై ఊళ్లలో, మద్నూర్, జుక్కల్ వైపు నల్లరేగడిలో వానాకాలం వచ్చిందంటే సోయానే. నేను కూడా ఏళ్ల తరబడి వేస్తున్నాను. మీరు రాసింది చదివితే నా పై చేను గుర్తొచ్చింది.

యూరియా సంగతి తర్వాత. ముందు పార తీసుకుని రెండు చేలకీ వెళ్లండి. ఒక్కో చేలో ఐదు చోట్ల, చేను మధ్యలో, మొక్కని పీకకుండా చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా తీయండి. పైరుకి నత్రజని తయారయ్యేది వేరు బుడిపెల్లోనే. పీకితే అవి మట్టిలోనే తెగి ఉండిపోతాయి, లేవని పొరపాటు పడతాం. బకెట్ నీళ్లలో అరగంట నాననిచ్చి, నీళ్లు ఆడిస్తూ మట్టి వదలగొట్టండి. బుడిపెలు ఎన్ని ఉన్నాయో, తల్లివేరు మీద ఉన్నాయా పిల్లవేళ్ల మీదా, గోటితో చీలిస్తే లోపల ఏ రంగు ఉందో రాయండి. ఎర్రగా, గులాబీగా ఉంటే పని చేస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చ తిరిగితే పని అయిపోయింది.

పసుపు ఏ ఆకుల్లో ఉందో కూడా చూడండి. కింది ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలక. పై లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే ఇనుము చాలక, రేగడిలో నీళ్లు నిలిచినచోట ఇది ఎక్కువ. మచ్చలు మచ్చలుగా బంగారు రంగు కనబడితే తెల్లదోమ తెచ్చే ఎల్లో మొజాయిక్ వైరస్ తెగులు, దానికి యూరియా వేస్తే లాభం లేదు. ఈ మూడింటికీ మందు వేరు.

ఇంకొక్క పని. తడి ఉన్నప్పుడు ఇనుప చువ్వ ఒకటి నేలలోకి గుచ్చి చూడండి. ఎక్కడ ఆగుతుందో చెప్పండి.


తాడికొండ_చేను
ఆగస్టు 17, సాయంత్రం

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. పొద్దున్నే అమ్మా నేనూ వెళ్లాం. వాకిట్లో రెండు బేసిన్లు పెట్టి కడిగాం. మీరు చెప్పింది చూసి నాకు ఒళ్లు జలదరించింది.

చెరువు చేను మొక్కలకి తల్లివేరు మొదట్లోనే బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి, జొన్న గింజంత, కొన్ని కందిగింజంత. ఒక మొక్కకి 38 లెక్కపెట్టాను, మిగతావీ అంతే. గోటితో చీలిస్తే లోపల బీట్‌రూట్ ముక్కలా ఉంది, గోటికి ఎరుపు అంటుకుంది. అమ్మ "రక్తంలా ఉందే" అంది. వేరు నిటారుగా మూరెడు దాకా దిగింది, అక్కడ నేనే తెంపేశాను.

రోడ్డు చేలో ఐదు మొక్కల్లో రెండింటికి ఒక్క బుడిపె కూడా లేదు. మిగతా వాటికి మూడో నాలుగో, అవీ పిల్లవేళ్ల చివర్లలో. చీలిస్తే తెల్లగా ఉన్నాయి. అంతకంటే వేరు చూస్తే బాధేసింది. బెత్తెడున్నర లోతు దాకా దిగి, అక్కడ మోచెయ్యి వంచినట్టు పక్కకి తిరిగిపోయింది. ఐదింటిలో నాలుగు అలాగే. చువ్వ కూడా సరిగ్గా అక్కడే ఆగింది. ఆరంగుళాల దాకా వెన్నలో దిగినట్టు దిగి, తర్వాత మా తమ్ముడు రెండు చేతులతో నొక్కినా కదల్లేదు. చెరువు చేలో మోచేతి లోతు దిగింది. అక్కడ తవ్విన ప్రతి గడ్డలోనూ వానపాములు కనబడ్డాయి. రోడ్డు చేలో ఐదు గుంతలకి ఒక్కటి.

పసుపు ఎక్కువగా కింది ఆకుల్లోనే, ఆకు మొత్తం. కల్వర్టు వైపు మూల పల్లంగా ఉంటుంది, అక్కడ మాత్రం మీరు చెప్పినట్టు పై ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉన్నాయి.

నా తప్పు ఒకటి చెప్పాలి. రైజోబియం కల్చర్ (వేరు బుడిపెలు కట్టించే బాక్టీరియా పొడి) రెండు చేల విత్తనానికీ ఒకేసారి కలిపాను. చెరువు చేను పొద్దున ఎనిమిదింటికల్లా అయిపోయింది. తర్వాత ట్రాక్టరు టైరు పంక్చరై, మళ్లీ వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అప్పటిదాకా రోడ్డు చేను విత్తనం టార్పాలిన్ మీద ఎండలోనే ఉంది. ఆరితే మంచిదేలే అనుకున్నాను. దాని వల్లేనా?


మట్టి_నమూనా
ఆగస్టు 17, రాత్రి

గుంటూరులోనే భూసార పరీక్షల పనిలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీరు రాసినంత శ్రద్ధగా చూసి చెప్పేవాళ్లు అరుదు తల్లీ.

ఎండ ఒక కారణమే. ఆ పొడిలో ఉండేది ప్రాణమున్న బాక్టీరియా. నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. ఐదు గంటల ఎండకి చాలామటుకు చచ్చిపోయి ఉంటాయి. మరి చెరువు చేలో ఎందుకు బాగున్నాయంటే, అక్కడ పొద్దున్నే విత్తారు, పైగా పోయినేటి సోయా వల్ల ఆ బాక్టీరియా నేలలో ఇప్పటికే ఉంది. సోయాకి కావలసింది బ్రాడీరైజోబియం జపానికం. మినుము, పెసర, అలసంద వేళ్లకి బుడిపెలు కట్టే రకం వేరు. మన గుంటూరు నేలలు వందల ఏళ్లుగా మినుము చూసినవే అయినా సోయాకి అది పనికిరాదు. సోయా ఎప్పుడూ వేయని నేలలో కల్చర్ తప్పిపోతే ఆ పైరుకి నత్రజని తెచ్చిపెట్టే దిక్కు లేనట్టే. వచ్చే ఏడు ప్యాకెట్ మీద సోయాకని ఉందో లేదో, గడువు తేదీ ఉందో లేదో చూసి కొనండి. శిలీంధ్రనాశిని ముందు పట్టించి, కల్చర్‌ని ఆఖరున, విత్తేముందు కలపాలి.

కానీ ఆ వేరు వంపుకీ కల్చర్‌కీ సంబంధం లేదు. అది రోటవేటర్ చేసిన పని. ఏటా అదే ఆరంగుళాల లోతులో, తడి మీద తిరిగితే కత్తుల కింద మట్టి నున్నగా మెత్తినట్టై గట్టి పొర కడుతుంది. మామూలుగా రేగడి తనని తాను బాగు చేసుకుంటుంది. వేసవిలో చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది చూడండి, ఆ పగుళ్లే దానికి నాగలి. మిర్చికి మార్చి దాకా తడులు పెట్టి, ఆరకముందే మళ్లీ దున్నేస్తే పగలడానికి దానికి టైమెక్కడిది? గట్టి పొర పైన నీళ్లు నిలుస్తాయి, బుడిపెలకి గాలి అందదు. వారం వాన ఆగితే వేరు కింది తేమని అందుకోలేదు. పైరు అటు వానకీ చెడుతుంది, ఇటు బెట్టకీ చెడుతుంది.

రెండు చేల మట్టి పరీక్ష చేయించండి. నమూనా గట్టు పక్కన, చెట్టు కింద, పాత దిబ్బ వేసిన చోట తీయకండి. ఎనిమిది పది చోట్ల ఆంగ్లంలో వి ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి, పక్కగోడ నుంచి పైనుంచి కిందకి పలుచగా ఒక చెక్కు తీసుకోండి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలోనే ఆరబెట్టండి. మీ నాన్నగారి దగ్గర పాత భూసార కార్డు ఉండే ఉంటుంది. అది చూడండి కానీ పూర్తిగా నమ్మకండి. 2015లో ఆ పథకం మొదలైనప్పుడు మెట్టలో 10 హెక్టార్లకి, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకి ఒక నమూనా చొప్పున తీశారు. కార్డు మీ పేరున వచ్చినా మట్టి పక్కవాళ్ల చేనుది కావచ్చు.


బోధన్_రైతు
ఆగస్టు 18, ఉదయం

అమ్మా, అన్నీ చూశాక చెబుతున్నా. మీ నాన్నగారి మాట చెరువు చేనుకి నిజం. అక్కడ యూరియా గింజ కూడా వేయకండి. నేలలో నత్రజని తేరగా దొరికితే మొక్క బుడిపెలని పోషించడం మానేస్తుంది, ఆకు ఏపుగా పెరిగి పురుగుని పిలుస్తుంది.

రోడ్డు చేనుకి కొట్టు ఆయన మాటలో సగం నిజముంది. బుడిపెలు లేని సోయా, నత్రజని విషయంలో జొన్న లాంటిదే, మనం పెట్టాల్సిందే. బస్తా మాత్రం వద్దు. ఎకరానికి 25 కిలోలు, నేలలో పదును ఉన్నప్పుడు, కలుపు తీయించాక సాళ్ల వెంట వేయండి. తుంగ ఉండగా వేస్తే తినేది తుంగే. కాయ ఊరేటప్పుడు 2 శాతం యూరియా ద్రావణం, అంటే లీటరుకి 20 గ్రాములు, ఒకసారి పిచికారీ చేయండి. పల్లం మూలలో ముందు నీళ్లు బయటికి పోయేలా కాలువ తీయండి. ఆరితే ఆ పసుపు చాలావరకు అదే తగ్గుతుంది, తగ్గకపోతే ఇనుమునిచ్చే అన్నభేది నిమ్మ ఉప్పుతో కలిపి కొట్టొచ్చు.

నా కోరిక ఒకటి. చేను మధ్యలో ఆరు సాళ్లకి యూరియా వేయకుండా వదిలేయండి. కర్రలు పాతి గుర్తు పెట్టండి. కోతప్పుడు విడిగా నూర్చి తూకం వేయండి. నేను పదేళ్లు ఎరువు వేసి, వేయనిచోట ఎంత వచ్చేదో తెలియకుండానే డబ్బు పోశాను.


కౌలు_రైతు_పెదకూరపాడు
ఆగస్టు 18, రాత్రి

అక్కా, నేను కౌలుకి మిర్చి వేసేవాడిని. మీ రోడ్డు చేను చేసినాయన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ మా వైపు నుంచి కూడా వినండి. మిర్చి కౌలు ఏడాది మాటే. వచ్చే ఏడు ఆ చేను నాకే ఇస్తారని కాగితం ఉండదు. దిబ్బ ఎరువు వేస్తే దాని ఫలితం రెండో ఏడు, మూడో ఏడు కనబడుతుంది, అప్పటికి చేను వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. డీఏపీ వేస్తే ఈ ఏడే కనబడుతుంది. అప్పు తెచ్చి కౌలు ముందే కట్టినవాడు ఏది వేస్తాడు?

ఇప్పుడు నేను చేస్తున్న చేను ఆసామి మూడేళ్లకి మాట ఇచ్చాడు. దిబ్బ ఎరువు ఖర్చులో సగం ఆయన పెట్టుకుంటాడు. అప్పటి నుంచి కట్టె కాల్చలేదు, అద్దెకి మల్చర్ తెచ్చి ముక్కలు చేయించి కలియదున్నాను. బొబ్బర వచ్చిన మొక్కలు, ఎండు తెగులు మొక్కలు మాత్రం పీకి బయటేశాను, అవి చేలో ఉంచకూడదు. మళ్లీ కౌలుకిచ్చే ఆలోచన ఉంటే అలా ఇవ్వండి అక్కా.


తాడికొండ_చేను
ఆగస్టు 19

తమ్ముడూ, నీ మాట నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనమే ఏడాది ఏడాదికి రేటు పెంచి అడిగాం కదా" అన్నారు. కలుపుకి మనుషులు దొరికారు, ఎల్లుండి తీయిస్తాను. ఆరు సాళ్లకి కర్రలు పాతాను, వాటికి అమ్మ పాత చీర అంచులు కట్టాను.


తాడికొండ_చేను
అక్టోబరు 11

అందరికీ మళ్లీ నమస్కారం. దసరా వెళ్లాక కోతలయ్యాయి, నిన్న నూర్పిడి పూర్తయింది. లెక్క చెబుతాను.

చెరువు చేను ఎకరానికి 7.8 క్వింటాళ్లు. రోడ్డు చేను 4.4. యూరియా వేయని ఆరు సాళ్లని విడిగా కొట్టించి ఎకరానికి లెక్కేస్తే 3.6. అంటే యూరియా 80 కిలోల గింజ ఇచ్చింది, మిగతా 340 కిలోల తేడాని పూడ్చలేకపోయింది. 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాలుకి 5,328 లెక్కన చూసినా ఆ తేడా ఎకరానికి 18 వేలు. గింజలో కూడా తేడా ఉంది. రోడ్డు చేను గింజ చిన్నది, దోసిట్లోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది.

మట్టి రిపోర్టు కూడా వచ్చింది. చెరువు చేను: ఉదజని సూచిక 8.1, సేంద్రియ కర్బనం 0.69 శాతం. రోడ్డు చేను: 8.3, కర్బనం 0.34 శాతం. భాస్వరం రోడ్డు చేలోనే చాలా ఎక్కువ అని ఉంది, పొటాష్ రెండిట్లోనూ ఎక్కువే. జింకు చెరువు చేలో 0.9, రోడ్డు చేలో 0.4. భాస్వరం అంత ఉండి కూడా పైరు ఎందుకు అలా ఉంది? రబీలో ఏం వేయాలి? మిర్చి పెడతానని ఒకాయన కౌలు అడుగుతున్నాడు, డబ్బు ముందే ఇస్తానంటున్నాడు.


విజయవాడ_దాణా
అక్టోబరు 11

కోళ్ల దాణాకి సోయా చెక్క కొనే పనిలో ఉన్నాను. అమ్మేముందు తేమ 12 శాతం లోపు ఉండేలా ఆరబెట్టండి, అంతకు మించితే ఎవరైనా ధరలో కోత పెడతారు. రెండు చేల గింజ కలపకండి. పెద్ద గింజ విడిగా చూపిస్తే బేరంలో మీ మాట నిలుస్తుంది. వచ్చే ఏడు విత్తనానికి చెరువు చేనుదే పక్కన పెట్టుకోండి. సోయా పైపొర పలుచన, గోతాల్ని ఎత్తి వేయకుండా మెల్లగా దించాలి, నాలుగైదు కంటే ఎక్కువ దొంతర పెట్టకూడదు.


మట్టి_నమూనా
అక్టోబరు 12

తల్లీ, ఆ భాస్వరం ఆరేళ్ల డీఏపీ మిగులు. బస్తా డీఏపీలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. సున్నం ఉన్న నల్లరేగడిలో పైరు తీసుకోగా మిగిలింది కాల్షియంతో కలిసి బిగుసుకుపోతుంది. భాస్వరం మితిమీరితే పైరుకి జింకు అందడం కూడా తగ్గుతుంది. జింకు 0.6 కంటే తగ్గితే లోపం కిందే లెక్క, మీకు 0.4 వచ్చింది. కాబట్టి ఆ చేనుకి రెండేళ్లు డీఏపీ ముట్టుకోకండి, మీకు డబ్బు మిగిలే చోటు అదే. ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దుక్కిలో వేయండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకండి. చెరువు చేనుకి వచ్చే సోయాకి డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వాడండి. అందులో 11 శాతం గంధకం కూడా ఉంటుంది, నూనెగింజ పైరుకి అది కావాలి.

కర్బనం సంగతే అసలుది. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. మీ రెండు చేల తేడా 0.35 శాతం, అంటే ఎకరానికి 3 టన్నులకు పైగా కర్బనం. ఒక ట్రక్కు ఎరువు వేసి పూడ్చేది కాదు, వేసిన ఎరువులో చాలా భాగం మన ఎండలకి కరిగిపోతుంది కూడా. మీ నాన్నగారు ఏళ్ల తరబడి చేసిన పని అది, ఆయనకి చెప్పండి.


బోధన్_రైతు
అక్టోబరు 12

అమ్మా, సోయా వేస్తే నేల బలపడుతుందని అందరూ అంటారు, నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఒకసారి లెక్క వేసి చూడండి. గింజలో 40 శాతం దాకా మాంసకృత్తులు, అందులో ఆరో వంతు నత్రజని. మీరు చెరువు చేలో ఎకరానికి 8 క్వింటాళ్లు తీశారంటే 50 కిలోల నత్రజని గోతాల్లో ఇంటికి తెచ్చారు, రెండున్నర బస్తాల యూరియాలో ఉన్నంత. బుడిపెలు నిండుగా పని చేస్తే అందులో చాలా భాగం గాలి నుంచి వస్తుంది. రాల్చిన ఆకు, వేరు, నూర్చిన పొట్టు చేలోనే ఉంటేనే నేలకి ఏదైనా మిగిలేది. రోడ్డు చేలో బుడిపెలే లేవు కాబట్టి అక్కడ సోయా కూడా మిర్చిలాగే నేలనుంచి తీసుకుంది. పొట్టు గేదెలకి వేస్తే వేయండి, ఆ దిబ్బ మాత్రం మళ్లీ రోడ్డు చేనుకే పోవాలి. కాల్చకండి.

రబీకి రోడ్డు చేలో జొన్న వేయండి. దాని వేరు దట్టంగా పాకుతుంది, చొప్ప గేదెలకి వస్తుంది. మొక్కజొన్న వద్దనడానికి కారణముంది. అందులో కలుపుకి అట్రజిన్ కొడతారు. మీలాంటి క్షార గుణమున్న నేలలో దాని ప్రభావం తొందరగా పోదు, సోయాకి అసలు పడదు. ఆ దెబ్బ నేను స్వయంగా తిన్నాను, మొలిచిన మొక్కల ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. జొన్నలో కూడా ఆ మందు కొట్టే అలవాటు ఉంది, మీరు గుంటకతోనే సరిపెట్టుకోండి. జొన్న కోశాక ఏప్రిల్, మే నెలల్లో నేల బాగా ఎండి పగిలినప్పుడు గట్టి పొరని లోతుగా చీల్చే చీజిల్ నాగలి ఒకసారి తోలించండి, అడుగున్నర లోతులో. తడి మీద తోలితే గట్టి పొర పగలదు, గీత మాత్రం పడుతుంది. తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి పూతకి రాగానే కలియదున్నండి. ఆ ఒక్క ఖరీఫ్ సోయా ఆలస్యమైనా, అసలు వేయలేకపోయినా పర్వాలేదు. విత్తేటప్పుడు ఎత్తు మడులు, మధ్యలో కాలువలు తీసి వేయండి. ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు పటాన్‌చెరు దగ్గర రేగడి నేలల్లో చేసి చూపించిన పద్ధతే. వాన ఎక్కువైతే నీళ్లు కాలువలోంచి పోతాయి, బుడిపెలకి గాలి అందుతుంది.

ఆ కౌలు డబ్బు గురించి నేను చెప్పలేను. ఇంటి అవసరం మీకే తెలుసు.


తాడికొండ_చేను
అక్టోబరు 14

కౌలు ఇవ్వడం లేదు. నాన్నా నేనూ రెండు రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నాం. అప్పులో ఇంకా లక్షన్నర ఉంది. చెరువు చేను గింజ అమ్మితే కొంత తీరుతుంది, మిగతాది పాల డబ్బుల్లోంచి నెలనెలా కడతామని అప్పిచ్చిన బంధువులకి చెప్పాం, ఒప్పుకున్నారు. నాన్న రెండేళ్ల తర్వాత మొదటిసారి కర్ర పట్టుకుని రోడ్డు చేను దాకా నడిచి వచ్చారు. నేను తవ్విన గుంతలో చెయ్యి పెట్టి ఆ గట్టి పొరని గోటితో గీకి చూశారు.

గొర్రెల మంద వాళ్లతో మాట్లాడాను. జొన్న కోశాక, ఫిబ్రవరి ఆఖర్న వస్తామన్నారు, రాత్రికింత అని మాట్లాడుకున్నాం, పది రాత్రులు. రోటవేటర్ ఆయనకి ఈసారి రావొద్దని చెప్పాను. జింకు సల్ఫేటు 50 కిలోలు తెచ్చి కొట్టంలో పెట్టాను, డీఏపీకి దూరంగా. శనివారం గొర్రు వస్తుంది. జొన్న విత్తనం గురించి లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) రేపు అడిగి వస్తాను. మట్టి_నమూనా గారూ, మీరు గుంటూరులోనే కదా, ఏప్రిల్‌లో చీజిల్ తోలే ముందు ఒకసారి వచ్చి చేను చూస్తారా?


మట్టి_నమూనా
అక్టోబరు 14, రాత్రి

తప్పకుండా వస్తాను తల్లీ. చువ్వ నేనే తెస్తాను.